ఫోటోలో నవ్వలేదని పిల్లని తీసుకెళ్ళిపోయారు

కారు వెళ్ళి గంట కూడా కాలేదు. ఆ పిల్ల బూట్లు ఇంకా టెంట్ ముందు తాడుకి వేలాడుతున్నాయి, నిన్న వాగు దాటినప్పుడు తడిసిపోతే నేనే లేసులు ముడేసి ఆరేశా, ఆ హడావిడిలో అవి తీసుకెళ్ళాలని ఎవరికీ గుర్తు రాలేదు. చెప్పులతోనే కారెక్కింది. 14 రోజుల క్యాంప్‌లో ఇవాళ తొమ్మిదో రోజు, రేపు ఓవర్‌నైట్ హైక్, ఆ హైక్‌లో మ్యాప్ పట్టుకుని మమ్మల్ని నడిపించాల్సిన పిల్ల ఇప్పుడు వెనక సీట్లో కూర్చుని ఇంటికెళ్ళిపోతోంది. ఎందుకో తెలుసా? ఫోటోలో నవ్వలేదంట.

మీలో క్యాంపుల్లో పనిచేసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. రోజూ సాయంత్రం పిల్లల ఫోటోలు పేరెంట్స్ గ్రూప్‌లో పెట్టాలి, అది రూల్. పెట్టిన పది నిమిషాల నుంచి ఫోన్లు మొదలు. మా పాప ఒక్క ఫోటోలోనే ఉందేంటి, మా పాప పక్కన ఎవరూ లేరేంటి, జుట్టు దువ్వుకోలేదేంటి, జ్వరమేమైనా వచ్చిందా. ఆడపిల్లల క్యాంప్‌లో లీడర్‌గా ఇది నాకు ఆరో వేసవి, ఆరేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు కూడా ఫోన్ చేసి "ఇవాళ మా అమ్మాయి ఏం నేర్చుకుందమ్మా" అని అడగలేదు. ఒక్కరు కూడా.

సరే, ఆ ఫోటో సంగతి చెప్తా. నిన్న పొద్దున కొండ మీదకి వెళ్ళే దారి ఒకచోట రెండుగా చీలింది. పెద్ద పిల్లలందరూ ఎడమవైపు అన్నారు, అటు దారి వెడల్పుగా ఉంది, చూడ్డానికి అదే అసలు దారిలా ఉంది. ఈ పిల్లకి పన్నెండేళ్ళు, గ్రూప్‌లో అందరికంటే చిన్నది, మొదటి మూడు రోజులు నా చెయ్యి వదల్లేదు. ఆ పిల్ల కింద కూర్చుని మోకాలి మీద మ్యాప్ పరిచింది, కంపాస్ పెట్టింది, ముల్లు ఉత్తరం వైపు కుదిరేదాకా మ్యాప్‌ని మెల్లగా తిప్పింది, తర్వాత వేలితో కాంటూర్ లైన్ల మీద, అంటే ఎత్తుని చూపించే గీతల మీద వెళ్ళి "అక్కా, ఎడమవైపు గీతలన్నీ దగ్గరదగ్గరగా ఉన్నాయి, అంటే అటు నిట్టనిలువుగా ఉంటుంది కదా, మనం వెళ్ళాల్సింది అటు కాదు" అంది. నేను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. అందరూ వాదించుకున్నారు, చివరికి ఆ పిల్ల మాట మీద కుడివైపు వెళ్ళారు, ఇరవై నిమిషాల్లో వాగు దగ్గర తేలారు, మ్యాప్‌లో ఎక్కడుందో సరిగ్గా అక్కడే. ఆ మ్యాప్ చూస్తున్నప్పుడు తీసిన ఫోటో అది. కనుబొమ్మ దాకా మట్టి, పెదాలు బిగబట్టి, కళ్ళు చిన్నవి చేసి చూస్తోంది. ఈ సీజన్ మొత్తంలో నేను తీసిన వాటిల్లో అంత మంచి ఫోటో ఇంకోటి లేదు. చూడగానే వాళ్ళకి అర్థమైపోతుంది అనుకుని పెట్టా.

రాత్రి తొమ్మిదిన్నరకి, లైట్లు ఆర్పే టైమ్‌కి, ఫోన్. "మేడమ్, మా పాప ముఖం చూశారా, ఎంత డల్‌గా ఉందో? ఆ మట్టేంటి మేడమ్?" సర్, డల్‌గా లేదు సర్, మ్యాప్ చదువుతోంది, ఇవాళ గ్రూప్‌కి దారి చూపించింది తనే అని మొత్తం పూసగుచ్చినట్టు చెప్పా. అటువైపు అంతా విన్నారు. విని, "అదంతా ఓకే మేడమ్, కానీ నవ్వట్లేదు కదా" అన్నారు. పొద్దున్నే గేటు దగ్గర కారు.

గేటు దగ్గర ఆ అమ్మాయి ఏడవలేదు, అదే నాకు ఇంకా బాధగా ఉంది. "నాన్నా, రేపు నేనే మ్యాప్ పట్టుకోవాలి" అని ఒక్కసారి అంది. "వచ్చే ఏడాది పట్టుకుందువులే తల్లీ" అన్నారు. ఇంక నోరెత్తలేదు. అలా నోరెత్తకపోవడం పన్నెండేళ్ళకే వచ్చేసింది.

అసలు మండిపోయింది ఆ తర్వాత మాటకి. బ్యాగ్ డిక్కీలో పెడుతూ, మామూలుగా మాట కలుపుతున్నట్టు, వాళ్ళబ్బాయి సంగతి చెప్పారు. చెరువు అవతల ఒడ్డున మగపిల్లల క్యాంప్ ఉంది, వాళ్ళబ్బాయి అందులోనే ఉన్నాడు, మూడు రాత్రుల ట్రెక్‌కి వెళ్ళాడంట, రెండో రోజే కాలు బెణికిందంట. "క్రేప్ బ్యాండేజ్ కట్టుకుని నడిచేశాడు మేడమ్, మావాడు మొండిఘటం" అని ఆయన ముఖం వెలిగిపోయింది. మరి బాబుని కూడా తీసుకెళ్తున్నారా సర్ అని అడిగా. ఆయనకి నా ప్రశ్న నిజంగానే అర్థం కాలేదు. "వాడెందుకు మేడమ్, వాడు బానే ఉన్నాడు కదా." కాలు బెణికినవాడు బానే ఉన్నాడు, ముఖానికి మట్టి అంటిన పిల్ల బాలేదు! ఒకే ఇల్లు, ఒకే నాన్న, మధ్యలో ఉన్నది ఒక్క చెరువు.

"ఏదో సెలవుల్లో నాలుగు రోజులు ఆడుకుంటుందని పంపాం" అని కూడా అన్నారు. ఆడుకోడం అంటే ఏమనుకుంటున్నారో నాకు తెలీదు. పొద్దున ఆరున్నరకి బెల్, టెంట్ ఊడ్చుకోవాలి, స్లీపింగ్ బ్యాగులు దులిపి ఎండలో వెయ్యాలి, డ్యూటీ చార్ట్‌లో ఎవరి పేరుంటే వాళ్ళు గిన్నెలు కడగాలి, నీళ్ళు మొయ్యాలి, బాత్రూమ్‌లు కడగాలి. ఇంట్లో ఒక్క గ్లాసు తియ్యని పిల్లలు ఇక్కడ మూడో రోజుకి ఒకళ్ళ డ్యూటీ ఒకళ్ళు మార్చుకుని లెక్కలు రాసుకుంటారు. మధ్యాహ్నం గంటసేపు రెస్ట్, ఇంటికి ఉత్తరాలు రాసేది అప్పుడే. మొదటి ఉత్తరంలో "అమ్మా నన్ను తీసుకెళ్ళిపో" అని ఉంటుంది, సగం మంది అదే రాస్తారు, ఐదో రోజు ఉత్తరంలో ఇంటి ఊసే ఉండదు, కాగితం నిండా పడవ బొమ్మలే.

పడవంటే గుర్తొచ్చింది. కెనూ ఎక్కించే ముందు మేం చేసే మొదటి పని దాన్ని కావాలని బోల్తా కొట్టించడం. ఒడ్డు దగ్గరే, లైఫ్ జాకెట్ బకిల్స్ అన్నీ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూసి, అది గడ్డం దాటి పైకి రాకపోతేనే నీళ్ళలోకి. బోల్తా పడగానే పిల్లలందరూ చేసే తప్పు ఒకటే, ఒడ్డు వైపు ఈదడం. అలా ఈదొద్దు, పడవ వదలొద్దు అని పదేపదే చెప్తాం, ఎందుకంటే నీళ్ళు నిండిన కెనూ కూడా తేలుతుంది, పైగా కాపాడ్డానికి వచ్చేవాళ్ళకి నీళ్ళలో తలకాయ కంటే పడవ దూరం నుంచే కనిపిస్తుంది. ఈ పిల్ల మొదటిసారి పడినప్పుడు పడవ అంచుని ఎంత గట్టిగా పట్టుకుందంటే పైకి తీశాక కూడా వేళ్ళు విప్పడానికి టైమ్ పట్టింది. నాలుగోసారి తనే "మళ్ళీ పడేద్దామా అక్కా" అంది. ఐదో రోజు మేం చెరువులో ఉండగా మబ్బు పట్టింది, మెరుపు కనిపించగానే ఎవరూ చెప్పకుండా ఆ పిల్లే పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు సెకన్లు పడితే పిడుగు పడింది కిలోమీటరు దూరంలో అని లెక్క, 30 సెకన్ల లోపు వినిపిస్తే నీళ్ళలోంచి బయటికి వచ్చెయ్యాలి, చివరి ఉరుము విన్నాక ఇంకో 30 నిమిషాలు బిల్డింగ్ లోపలే ఉండాలి. ఆ పిల్ల 24 దగ్గర ఆగింది. అప్పటికే ఒడ్డుకి తిప్పేశాం. ఇది ఆట అంటే ఆటే, కానీ ఈ ఆట రానివాళ్ళు పెద్దవాళ్ళల్లో ఎంతమంది ఉన్నారో చూస్తూనే ఉన్నాం కదా.

ఇంకో మాట, ఇది కొంతమందికి నచ్చదు, అయినా చెప్తా. ప్రతి బ్యాచ్‌లో ఒకరిద్దరికి మొదటిసారి పీరియడ్ ఇక్కడే వస్తుంది. రాత్రి టెంట్ జిప్ మెల్లగా తీసి "అక్కా ఒకసారి రా" అంటారు, గొంతు వినగానే నాకు తెలిసిపోతుంది. అందుకే పెద్ద హైక్‌కైనా చిన్న నడకకైనా ప్యాడ్స్, పేపర్ బ్యాగులు, ఎక్స్‌ట్రా లోదుస్తులు, నల్ల కవర్ అన్నీ ఒక వాటర్‌ప్రూఫ్ సంచీలో నా బ్యాగ్‌లో పైనే ఉంటాయి. ఇంటికి ఫోన్ చేసి చెప్తే ఎక్కువమంది అనే మొదటి మాట "అయితే ఇంక కొండలూ గిండలూ ఎక్కించకండి". కడుపు నొప్పిగా ఉంటే పిల్ల పడుకుంటుంది, లేకపోతే నడుస్తుంది, ఆ సంగతి పిల్లనే అడగొచ్చు కదా. ఆ పిల్లని తప్ప అందరినీ అడుగుతారు.

ఫోటోల వల్ల పిల్లలు ఎలా తయారయ్యారో కూడా చెప్పాలి. కెమెరా తియ్యగానే చేస్తున్న పని ఆపేస్తారు. తాడుకి ఎనిమిది అంకెలా ఉండే ముడి వేస్తున్న పిల్ల ముడి సగంలో వదిలేసి ఇటు తిరిగి పళ్ళు బయటపెడుతుంది. అది తనని పట్టుకోవాల్సిన ముడి! రాక్ క్లైంబింగ్ దగ్గర కెమెరా వద్దని నేను గొడవపెట్టుకుంది అందుకే. మొన్న ఒకమ్మాయి బొబ్బ చిట్లి నెత్తురొస్తుంటే నేను టేప్ వేస్తున్నా, అంతలో ఎవరో ఫోన్ తీశారు, ఆ నొప్పిలో ఆ పిల్ల నవ్వింది. నవ్వి, నన్ను అడిగింది, "అక్కా, బానే నవ్వానా? లేకపోతే అమ్మ ఫోన్ చేస్తుంది." ఆ మాట విన్నప్పట్నుంచి నాకు మనసు మనసులో లేదు.

1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో మగపిల్లల స్కౌట్ ర్యాలీ జరిగితే కొంతమంది ఆడపిల్లలు ఎవరూ పిలవకుండానే స్కౌట్ టోపీలు పెట్టుకుని వచ్చేశారు, మేమూ స్కౌట్లమే అన్నారు. అప్పుడు కూడా ఆడపిల్లలకి ఇదంతా తగదని గోల చేసినవాళ్ళున్నారు. అయినా 1910లో గర్ల్ గైడ్స్ వచ్చింది, 1912లో జూలియెట్ గోర్డన్ లో అమెరికాలో 18 మంది అమ్మాయిలతో గర్ల్ స్కౌట్స్ మొదలుపెట్టింది. వందేళ్ళు దాటింది. మన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు తన వయసు 13 ఏళ్ళ 11 నెలలు. ఆ రోజు వార్త అందరూ షేర్ చేశారు, గర్వంగా ఉంది అన్నారు, నాకూ కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. షేర్ చేసినవాళ్ళల్లో ఎంతమంది తమ పదమూడేళ్ళ పిల్లని ఒక్క రాత్రి టెంట్‌లో పడుకోడానికి పంపారు?

నాకెందుకింత మంట అని అడుగుతారు. చెప్తా. నేను ఎనిమిదో క్లాసులో ఉన్నప్పుడు స్కూల్లో క్యాంప్ ఫారాలు ఇచ్చారు. అన్నయ్యకొకటి, నాకొకటి. రెండూ నేనే నింపా, అన్నయ్య చేతిరాత బావుండదని వాడిది కూడా నాచేతే రాయించారు. నాన్న వాడి ఫారం మీద సంతకం పెట్టి నాది టేబుల్ సొరుగులో పెట్టారు. వచ్చే ఏడాది చూద్దాం అన్నారు. తొమ్మిదిలో చూద్దాం అన్నారు, పదిలో పరీక్షలన్నారు. అన్నయ్యకి అసలు ఇష్టమే లేదు, దోమలని ఏడ్చుకుంటూ వెళ్ళాడు, వచ్చాక మళ్ళీ ఏ కొండా ఎక్కలేదు. వాడు నేర్చుకొచ్చిన బోలైన్ ముడి నేను మంచం కోడుకి వేసి వేసి నేర్చుకున్నా. నేను మొదటిసారి పడవలో కూర్చునేసరికి నాకు ఇరవయ్యారేళ్ళు. తెడ్డు ఎలా పట్టుకోవాలో నాకంటే పక్కనున్న పదేళ్ళ పిల్లకి బాగా తెలుసు. నాన్న మంచివారే, ఇప్పటికీ నా మీద ప్రాణం పెట్టుకుని ఉంటారు, కానీ ఆ సొరుగు గురించి ఎప్పుడు అడిగినా "నీ మంచికే కదమ్మా" అంటారు. ఇవాళ గేటు దగ్గర "వచ్చే ఏడాది పట్టుకుందువులే" అన్న మాట వినగానే నాకు ఆ సొరుగు మూసిన చప్పుడే వినిపించింది.

మొన్న రాత్రి మంట దగ్గర కథలైపోయాక పిల్లలకి సప్తర్షి మండలం చూపించా. చివర ఉండే రెండు నక్షత్రాలు, పులహుడు, క్రతువు, వాటిని కలిపే గీతని అటే ఐదింతలు పొడిగిస్తే ధ్రువ నక్షత్రం దొరుకుతుంది, అదే ఉత్తరం, కంపాస్ లేకపోయినా దారి తప్పరు. ఈ పిల్ల చెయ్యి చాచి వేలితో ఐదుసార్లు కొలిచి దొరికింది దొరికింది అని గెంతింది. చీకటి కాబట్టి ఫోటో తియ్యలేదు. ఆ నవ్వు వాళ్ళ నాన్న చూడలేదు.

ఇందాక మ్యాప్ కవర్ తీసి చూశా. రేపటి దారి మొత్తం పెన్సిల్‌తో గుర్తుపెట్టి ఉంది, నీళ్ళు దొరికే చోట చిన్న చుక్క, నిటారు చోట రెండు గీతలు, ఎక్కడెక్కడ ఆగాలో టైమ్‌తో సహా. గ్రూప్‌లో పిల్లలు ఆ దారిలోనే వెళ్దాం అన్నారు, నేనూ సరే అన్నా. పొద్దున ఆరింటికి బయల్దేరతాం. ఫస్ట్ ఎయిడ్ కిట్, ఎమర్జెన్సీ ఫోన్, విజిల్ అన్నీ సర్దేశా. కెమెరా తీసుకెళ్ళట్లేదు, ఆఫీసులో చెప్పేశా, ఎవరు ఫోన్ చేసినా ఎల్లుండి సాయంత్రం పిల్లలు తిరిగొచ్చాక వాళ్ళతోనే మాట్లాడుకోమని చెప్పమన్నా. బూట్లు ఇంకా తడిగానే ఉన్నాయి, ఆరాక ఆ పిల్ల ఇంటికి పంపిస్తా, మ్యాప్ కూడా అందులోనే పెట్టి.