మహారాజశ్రీ 7 నిలువు గారికి

మహారాజశ్రీ 7 నిలువు గారి దివ్య సముఖమునకు,

మీరు క్షేమమని తలుస్తాను. మేమిక్కడ క్షేమంగా లేము. ఆదివారం అనుబంధం చివరి పేజీ క్రాస్‌వర్డ్‌లో, కుడివైపు మూలన, మూడు తెల్లగళ్లతో మీరు నిక్షేపంగా ఉన్నారు. ఇవాళ బుధవారం రాత్రి. నేనింకా మిమ్మల్నే చూస్తున్నాను.

మీ ఆధారం ఎంత అమాయకంగా ఉంటుందో! ‘ఎటు తిరిగి పడుకున్నా అదే (3)’. నాలుగంటే నాలుగు మాటలు. గ్రాంథికం లేదు, పురాణం లేదు, నిఘంటువు తీయాల్సిన పని లేదు. ఆరో తరగతి పిల్లాడికి కూడా అర్థమవుతుంది. అర్థమై, ఆ తర్వాత ఏం చేయాలో మాత్రం తెలియదు.

మీ తోటివాళ్లంతా నాతో మర్యాదగానే ఉన్నారు. 1 అడ్డం ‘తీగ కోసం తల తిప్పండి (2)’ అంది. తిప్పాను, లత వచ్చింది. 4 నిలువు ‘కోతి తిరగబడితే కోయిల (2)’ అంది. కపిని తిరగేస్తే పిక. పికమంటే కోయిలని ఇంటర్‌లో తెలుగు తీసుకున్న పుణ్యాన గుర్తుంది. ఇలా కాఫీ చల్లారేలోపు సగం గడి నింపి, మీ దగ్గరికొచ్చి ఆగాను.

‘ఎటు తిరిగి పడుకున్నా ఏంటోయ్, మూడక్షరాలు?’ అని మా ఆవిణ్ని అడిగాను. ఆవిడ కూర తరగడం ఆపకుండా, తలైనా ఎత్తకుండా ‘గురక’ అంది. మూడక్షరాలు! పైగా ప్రత్యక్ష సాక్షి ఇచ్చిన వాంగ్మూలం! పెన్నుతో రాసేశాను. అక్కడితో ఆగకుండా వాట్సాప్ గ్రూపులో ‘7 నిలువు వచ్చింది’ అని పెట్టేశాను.

మా గ్రూపు సంగతి మీకు తెలియాలి. ఏడుగురం. ఎవరి గడి వాళ్లు నింపుకోవాలి, గురువారం దాకా జవాబు బయటపెట్టకూడదు, ‘వచ్చింది’ అని మాత్రం చెప్పుకోవచ్చు. మంచి నియమమే కానీ, అందరికీ వచ్చిందని తెలిశాక మనకి రాకపోతే ఆ టెన్షన్ పరీక్ష హాల్లో కూడా ఉండదు. పక్కవాడు అడిషనల్ షీట్ అడిగిన చప్పుడు గుర్తుంది కదా, అదే. అసలు వచ్చిందన్నవాళ్లలో ఎంతమందికి నిజంగా వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. నేనే గురకతో వచ్చిందన్నవాణ్ని.

గంటలో 9 అడ్డంలో హనుమంతుడు దిగాడు. ఆయన రెండో అక్షరం సరిగ్గా మీ నడిమి గడిలో పడింది: ‘ను’. లంకకి పెట్టిన నిప్పు నా గురకకి కూడా పెట్టాడు. పెన్నుతో రాశానని చెప్పానుగా? వైట్‌నర్ పూశాను. ఇప్పుడు మీ నెత్తిన తెల్లటి పెచ్చు కట్టింది, దాని మీద ఏం రాసినా పగుళ్లే.

ఆ తర్వాత తెనాలి నుంచి మా మాస్టారు ‘వెనుక’ అన్నారు. నియమం ఆయనకి వర్తించదు, ఆయన రిటైర్డ్ హెడ్మాస్టారు. ‘ఏవయ్యా, మనిషి ఎటు తిరిగి పడుకున్నా వెనుక అనేది ఒకటి ఉంటుంది గదా!’ దీన్ని కాదనడానికి మా ఆరుగురిలో ఎవరి దగ్గరా శాస్త్రం లేదు. తప్పని అందరికీ తెలుసు, ఎందుకు తప్పో ఎవరూ చెప్పలేరు.

ఇంతలో గొడవ 11 అడ్డం మీదికి మళ్లింది. ‘మహబూబ్‌నగర్‌లో దాచిన ఆభరణం (2)’. నగ అని అందరూ ఒప్పుకున్నారు, ఆ జిల్లాలో పుట్టిన మా వదిన తప్ప. ‘గర్ అనేది ఒక్క అక్షరం. పొల్లుని కోసి గ ఒక్కదాన్నే ఎట్ల తీస్తరు? మా ఊరి పేరుని కత్తిరించే హక్కు మీకెవరిచ్చిన్రు?’ అని ఆవిడ. ఇంగ్లీషువాడికి ఈ బాధ లేదు. వాడికి గడికో లెటర్, అంతే. మనకి గడికో అక్షరం. వత్తులు, పొల్లులు, దీర్ఘాలు, సున్నాలు అన్నీ ఒకే గదిలో అద్దెకుండాలి. గళ్లు మూడుంటే పుస్తకం, నాలుగుంటే అదే పుస్తకము. కూర్పరి దయ. ఈ తగువు సోమవారం రాత్రిదాకా సాగింది. చివరికి వదిన గ్రూపులోంచి వెళ్లిపోయి, పది నిమిషాల్లో తిరిగొచ్చింది.

మీ వంశ చరిత్ర కూడా తిరగేశాను, వేరే పనిలేక. మీ మూలపురుషుడు 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో పుట్టాడు. ఆర్థర్ విన్ అనే లివర్‌పూల్ ఆయన కూర్చాడు. అప్పట్లో ఆధారాలు నిజాయితీగా ఉండేవి, అర్థం చెబితే మాట రాయడమే. మెలికలన్నీ ఇంగ్లండులో మొదలయ్యాయి. 1926 నుంచి అబ్జర్వర్ పత్రికలో మెలికల గళ్లు కూర్చినాయన తనకి పెట్టుకున్న పేరు టార్కెమాడా. ఎవరంటే, స్పెయిన్‌లో మతవిచారణ పేరుతో జనాన్ని చిత్రహింసలు పెట్టించిన పెద్దమనిషి. ఆయన పోయాక 1939లో ఆ కుర్చీలో కూర్చున్నాయన కూడా జిమెనెస్ అని మరో విచారణాధికారి పేరే ఎంచుకున్నాడు. కనీసం వాళ్లు బోర్డు కట్టి మరీ బాధించారు. మన దగ్గర శ్రీశ్రీ ‘పదబంధ ప్రహేళిక’ అన్నాడు, ఆరుద్ర ‘గళ్ల నుడికట్టు’ అన్నాడు. ఇంత అందమైన పేర్లు పెడితే లోపల ఏముందో ఎవడు అనుమానిస్తాడు?

1942 జనవరిలో డైలీ టెలిగ్రాఫ్ గడిని 12 నిమిషాల్లో నింపగలరా అని పోటీ పెట్టారట. నెగ్గుకొచ్చిన వాళ్లలో కొందరిని తర్వాత బ్లెచ్లీ పార్క్‌లో జర్మన్ల రహస్య సంకేతాలు విప్పే పనికి తీసుకున్నారు. మమ్మల్ని తీసుకుని ఉంటే ఆ యుద్ధం ఇంకా నడుస్తూనే ఉండేది. పొల్లు దగ్గర ఆగిపోయేది.

ఇక మీరూ గీరూ అనడం నా వల్ల కాదు. ఏం చూసుకుని నీకీ పొగరు? మూడు గళ్లున్న దానివి. ఇరవై గళ్లలో పరుచుకున్న సామెతలే నాకు లొంగాయి. నీకేమైనా కొమ్ములున్నాయా?

న్యూజెర్సీలో ఉన్న మా బామ్మర్దికైతే నువ్వు శనివారమే లొంగావట. ఇక్కడ ఆదివారం తెల్లవారగానే ఈ-పేపర్ తెరుచుకుంటే అక్కడింకా శనివారం రాత్రి. మేం పళ్లు తోముకునేసరికి వాడు అన్నం తిని, గడి నింపి, చేయి కూడా కడుక్కుంటాడు. ‘చాలా సింపుల్ బావా’ అన్నాడు. ఈ ‘సింపుల్’ అనే మాటని గ్రూపులో నిషేధించాలని నేను ఎప్పట్నుంచో అంటున్నాను. జవాబు చెప్పేవాణ్నయినా క్షమించవచ్చు, తిట్టుకుని ఊరుకుంటాం. సింపుల్ అన్నవాడు మాత్రం చెప్పకుండానే చంపుతాడు.

నిన్న సిగ్గు విడిచి, గ్రూపులో కాకుండా విడిగా అడిగాను. ‘ఒరేయ్, జవాబొద్దు. చిన్న సూచన.’

‘మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కని చూడు బావా.’

ఇవాళ చూశాను. ఆవిడ సోఫాలో గోడవైపు తిరిగి పడుకుంది. కాసేపటికి ఇటు తిరిగింది. చేతిలోంచి టీవీ రిమోట్ జారి కార్పెట్ మీద పడింది. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, మోకాళ్ల మీద పేపరు పెట్టుకుని, పెన్ను పట్టుకుని చూస్తున్నాను. అటు తిరిగినప్పుడు ఏముంది, ఇటు తిరిగినప్పుడు ఏముంది అని. ఉన్నట్టుండి కళ్లు తెరిచి ‘ఏంటండీ, ఒంట్లో బాగానే ఉందా?’ అంది.

బానే ఉందన్నాను. పేపరు అంచున ‘దిండు’ అని రాసుకుని కొట్టేశాను.

ఆదివారం నుంచి సరిగ్గా కన్ను మూతపడలేదు. కుడివైపు తిరిగితే నువ్వే, ఎడమవైపు తిరిగితే నువ్వే.

(ఇక్కడిదాకా రాసి లైటార్పాను. మళ్లీ ఇప్పుడు వేశాను.)

రాత్రి 2:40. మంచినీళ్లకని లేచి, ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడ్డాను. వచ్చింది. ఏ ఆలోచనా లేదు, ఏ లెక్కా లేదు, చల్లగాలితో పాటు వచ్చింది. పై నుంచి కిందికి చదివాను, కింది నుంచి పైకి చదివాను. నాలుగు రాత్రులుగా నువ్వు నాకు దక్కనివ్వనిది ఏదో, నీ మూడు గళ్లలో దాచుకున్నదీ అదే!

7 నిలువు గారూ, కొమ్ములున్నాయా అని ఇందాక నోరు జారాను. మన్నించాలి. ఉన్నాయి. ఒకటి కాదు, గడికొకటి చొప్పున మూడు.

జవాబు ఇక్కడ రాయను. మాస్టారు ఇంకా ‘వెనుక’ మీదే ఉన్నారు. ఈ ఉత్తరం ఆయన కంట పడిందో, నన్ను బెంచీ ఎక్కిస్తారు. గ్రూపులో మాత్రం ‘వచ్చింది, ఈసారి నిజంగా’ అని పెట్టాను. న్యూజెర్సీలో సాయంత్రమేగా, వెంటనే జవాబిచ్చాడు.

‘ఇకనైనా పడుతుందా బావా?’

పట్టలేదు. 15 అడ్డం ఇంకా ఖాళీగా ఉంది.

ఇట్లు,
వైట్‌నర్ సీసా కొత్తది కొనవలసిన
మీ విధేయుడు