వారెంటీ తగాదాలన్నీ కాణిపాకానికి బదిలీ చేయాలి

కారు ఇంజిన్ అర్ధాయుష్షుతో పోతే తప్పెవరిది అనే ప్రశ్న మీద మన జిల్లాలో అనవసరంగా గొడవలు జరుగుతున్నాయి. రేణిగుంట రోడ్డులో ఏ సర్వీస్ సెంటరుకు వెళ్లినా, ఏసీ హాల్లో ఉచిత కాఫీ చల్లారిపోతుంటే ఎవరో ఒక పెద్దమనిషి గొంతు చించుకుంటూ కనిపిస్తాడు. ఆయన ఇంజిన్ పోయింది, వారెంటీ రాలేదు. ఈ వ్యాసం ఆయన తరఫున రాస్తున్నది కాదు. శాంతిభద్రతల తరఫున రాస్తున్నది.

ముందు కంపెనీ వాళ్ల మాట విందాం. వారెంటీ పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివిన కొద్దిమందిలో నేనొకణ్ణి. అందులో వాళ్లు ఎక్కడా అబద్ధం ఆడలేదు. మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు అని పెద్ద అక్షరాల్లో రాశారు, ఏది ముందైతే అది అని చిన్న అక్షరాల్లో రాశారు. వర్తించని సందర్భాలు అంతకన్నా చిన్న అక్షరాల్లో ఉన్నాయి. దుర్వినియోగం, నిర్లక్ష్యం, కల్తీ పెట్రోలు, నీళ్లు, ప్రకృతి వైపరీత్యం, బయట చేయించిన రిపేరు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది షెడ్డులో కవరు కప్పుకుని నిలబడిన కారు ఒక్కటే. దాన్ని కూడా నెలల తరబడి కదపకుండా ఉంచితే అది నిర్లక్ష్యం కిందికే వస్తుంది.

టీవీ ప్రకటనలో ఇదే కారు వాగులోకి దూకి, రెండు పక్కలా నీళ్లు చిమ్ముకుంటూ అవతల గట్టెక్కుతుంది. దాన్ని చూసి కొన్నవాడు వానాకాలంలో రైల్వే అండర్ బ్రిడ్జి కింద నిలిచిన నీళ్లలోకి అదే ధైర్యంతో దిగుతాడు. ఎయిర్ ఫిల్టర్ దారిన నీళ్లు సిలిండర్లోకి పోతాయి. పిస్టన్ గాలిని నొక్కగలదు గానీ నీళ్లను నొక్కలేదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వారెంటీ వాళ్లు ఇది బయటి కారణం అంటారు. ఇన్సూరెన్స్ వాళ్లు, నీళ్లలో మీరు మళ్లీ సెల్ఫ్ కొట్టారు కాబట్టి ఇది మీరు కొని తెచ్చుకున్న నష్టం, ఇంజిన్ ప్రొటెక్షన్ అని విడిగా పాలసీ కట్టి ఉండాల్సింది అంటారు. 2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధుల్లోనే కార్లు కొట్టుకుపోయాయి. ఆ తర్వాత కూడా జనం ప్రకటనలను నమ్ముతున్నారంటే ఆ తప్పు జనానిదే.

ఇక మా వీధి మాస్టారి సంగతి. రిటైరైన డబ్బుతో కారు కొన్నారు. నెలకోసారి కొండకు, ఎప్పుడైనా చిత్తూరులో కూతురింటికి తప్ప దాన్ని బయటికి తీసింది లేదు. మూడో ఏడు నిండకముందే చంద్రగిరి దాటాక ఇంజిన్లో టకటకమని శబ్దం మొదలైంది, ఆయిల్ లైటు వెలిగింది, బండి పట్టేసింది. టోయింగ్ బండి మీద సర్వీస్ సెంటరుకు చేర్చారు. టాబ్ పట్టుకుని ఒక కుర్రాడు వచ్చి, మెడికల్ కాలేజీ పిల్లల్లాగా మర్యాదగా చరిత్ర అడిగాడు.

"సార్, ఘాట్ రోడ్డులో ఎక్కువ తిప్పినారా?"

"తిరుపతిలో ఉండి కొండకు పోకుండా ఎట్లుంటాం నాయనా?"

"మేమూ అదే అంటుండాం సార్," అని కుర్రాడు టాబ్‌లో 'సివియర్ యూసేజ్', అంటే బండిని మోటుగా వాడారు, అని నొక్కాడు.

మాస్టారు చిన్నబుచ్చుకున్నారు. మొదటి ఘాట్ 1944లో వచ్చింది, రెండోది 1974లో. అంబాసిడర్లు, ఫియట్లు మధ్యలో నిలబడి, బానెట్ ఎత్తి, రేడియేటర్లో రెండు చెంబుల నీళ్లు పోయించుకుని ఆ కొండ ఎక్కాయి. పోనీ స్పీడుగా తోలారేమో అందామంటే, అలిపిరిలో టైం కొట్టిన చీటీ ఇస్తారు. 28 నిమిషాల కన్నా ముందు పైకి చేరినా, 40 నిమిషాల కన్నా ముందు కిందికి దిగినా జరిమానా. మాస్టారు ఆ చీటీలన్నీ రబ్బరు బ్యాండు వేసి డాష్‌బోర్డు అరలో దాచుకున్నారు. ఒక కారు నెమ్మదిగానే నడిచిందని బయటివాళ్లు ఇచ్చిన సాక్ష్యం మన రాష్ట్రంలో ఇంకెక్కడా దొరకదు. కుర్రాడు వాటిని ఒక్కొక్కటిగా చూసి, "ఇవి మా సిస్టంలో ఎక్కవు సార్" అని తిరిగి ఇచ్చేశాడు.

తర్వాత సంతకాలు. కారణం తెలియాలంటే ఇంజిన్ విప్పాలి, విప్పాలంటే మాస్టారు సంతకం పెట్టాలి. వారెంటీ వస్తే విప్పిన కూలి కంపెనీది, రాకపోతే మాస్టారిది. వస్తుందా రాదా చెప్పేది కంపెనీ. అంటే విప్పేవాళ్లు, చూసేవాళ్లు, తీర్పు చెప్పేవాళ్లు, కూలి పుచ్చుకునేవాళ్లు అందరూ ఒకే కప్పు కింద ఉన్నారు. జిల్లా ఆఫీసులన్నీ ఇలా ఒకేచోట ఉంటే ప్రజలకు ఎంత సుఖంగా ఉండేది! నిర్ణయం తేలేదాకా బండి అక్కడే ఉంటే రోజువారీ పార్కింగ్ చార్జీ కూడా ఉంది. అది నిర్ణయం ఎవరివైపు వచ్చినా మాస్టారిదే.

నాలుగో వారంలో వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. నల్లటి జిగురు, దాని పక్కన గ్లవుజు తొడిగిన వేలు. కింద "స్లడ్జ్ సార్" అని ఒక్క మాట. అంటే ఆయిల్ పాతబడి ముద్ద కట్టిందని. ఆయిల్ పదివేల కిలోమీటర్లకో, ఏడాదికో మార్చాలి. మాస్టారి కారు ఆ ఏడు తిరిగింది నాలుగువేలే గానీ, కూతురి కాన్పు హడావుడిలో సర్వీసు 26 రోజులు ఆలస్యమైంది. కాబట్టి ఓనరు నిర్లక్ష్యం, కాబట్టి క్లెయిమ్ తిరస్కరణ, కాబట్టి లక్షా ఎనభై వేల ఎస్టిమేటు. అదనంగా డబ్బు కట్టి తీసుకున్న ఎక్స్‌టెండెడ్ వారెంటీ సంగతి అడిగితే, అది అసలు వారెంటీ అయిపోయాక మొదలవుతుంది సార్ అన్నారు.

లీలామహల్ సర్కిల్ దగ్గర పాత మెకానిక్ ఒకాయన ఆ ఫోటో చూసి, "26 దినాలకు బేరింగు అరిగిపోతాదా సామీ? ఆయిలు పైకి ఎక్కలే. ఎందుకు ఎక్కలేదో వాళ్లను అడగండి" అన్నాడు. ఆయనకు టాబ్ లేదు కాబట్టి ఆ మాటను లెక్కలోకి తీసుకోకూడదు.

ఆ ప్రశ్న అడిగి అమెరికాలో ఎంత అనర్థం తెచ్చుకున్నారో చూడండి. 2015 సెప్టెంబరులో అక్కడ హ్యుందాయ్ దాదాపు 4 లక్షల 70 వేల సొనాటా కార్లను వెనక్కి పిలిచింది. క్రాంక్ షాఫ్ట్ తయారీలో మిగిలిన లోహపు రజను ఆయిల్ దారికి అడ్డం పడి, బేరింగులు ఎండిపోయి, నడిరోడ్డు మీద ఇంజిన్లు పట్టేస్తున్నాయని తేలింది. 2017లో కియాతో కలిపి మరో 12 లక్షల దాకా కార్లను పిలిచారు. ఈలోగా హ్యుందాయ్‌లోనే పనిచేసిన కొరియా ఇంజనీరు ఒకాయన లోపలి కాగితాలు తీసుకెళ్లి అక్కడి రోడ్డు భద్రతా సంస్థకు ఇచ్చాడు. 2020 నవంబరులో రెండు కంపెనీలకూ కలిపి 21 కోట్ల డాలర్ల జరిమానా ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడు ఆ ఇంజనీరుకు 2 కోట్ల 40 లక్షల డాలర్లకు పైగా బహుమానం ఇచ్చారు. ఓనర్లు వేసిన దావాలు రాజీకి వచ్చి, ఆ ఇంజిన్లకు జీవితకాల వారెంటీ దక్కింది. ఓనరును అడగాల్సిన ప్రశ్న ఇంజనీరును అడిగితే ఇంత గందరగోళం జరుగుతుంది.

మన దేశంలో అలాంటి ప్రమాదం తక్కువ. లోపమున్న బండ్లను వెనక్కి పిలిపించే అధికారం 2021 ఏప్రిల్ నుంచి ప్రభుత్వానికీ ఉంది. అయితే ఆ లోపం మనుషులకో, పర్యావరణానికో హాని చేసేది కావాలి. పట్టేసిన ఇంజిన్ పొగ వదలదు, ఎవరినీ గుద్దదు. అంత సురక్షితమైన కారు ఇంకోటి ఉండదు.

వినియోగదారుల కమిషన్ ఉంది కదా అంటారు. ఉంది. పది నుంచి ఇరవై లక్షలు పెట్టి కొన్న కారుకు ఫీజు 400 రూపాయలు, లాయరు లేకుండా సొంతంగానే వాదించుకోవచ్చు, రెండేళ్లలోపు వేస్తే చాలు. ల్యాబు పరీక్ష అవసరమైన కేసును 5 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని 2019 చట్టం చెబుతోంది. నేను అందరికీ వేయమనే చెబుతాను, మాస్టారికీ చెప్పాను. కానీ ఆ 5 నెలలు ఏళ్లు అయినా చట్టానికి వారెంటీ రద్దు కాదు. జిల్లాలో గెలిస్తే కంపెనీ రాష్ట్ర కమిషన్‌కు పోతుంది, అక్కడా ఓడితే ఢిల్లీకి పోతుంది. 26 రోజుల ఆలస్యం ఒక్క మాస్టారికే పనికిరాదు.

అందుకే నా ప్రతిపాదన. చిత్తూరుకు కూతవేటు దూరంలో బాహుదా నది పక్కన కాణిపాకం వరసిద్ధి వినాయకుడున్నాడు. కోనేట్లో మునిగి, తడిబట్టలతో ఆయన ఎదుట అబద్ధపు ప్రమాణం చేయడానికి దొంగలు కూడా జంకుతారు. అప్పుల తగాదాలు, గట్టు తగాదాలు అక్కడ తెగాయి. రాజకీయ నాయకులు సైతం దమ్ముంటే కాణిపాకం రా అని సవాళ్లు విసురుకుంటారు, రాకుండా తప్పించుకుంటారు. వారెంటీ తగాదాలో ఉన్నది కూడా ఒకరి మాట మీద ఇంకొకరి మాటే. పైగా స్థలపురాణంలోని అన్నదమ్ములు ముగ్గురిలో ఒకరికి చూపు లేదు, ఒకరికి వినికిడి లేదు, ఒకరికి మాట లేదు. స్వామి దయతో ముగ్గురికీ అన్నీ వచ్చాయి. టోల్‌ఫ్రీ నంబరులో వినపడనివాళ్లకు, రజను కనపడనివాళ్లకు, లిఖితపూర్వకంగా రాసివ్వమంటే మాట పడిపోయేవాళ్లకు ఇంతకన్నా తగిన క్షేత్రం లేదు.

విధివిధానాలు సులభమే. ముందు మాస్టారు మునిగి, ఆయిల్ మార్పించాను, 26 రోజులు ఆలస్యమైంది, అంతకుమించి ఏ పాపం ఎరగను అని చెప్పాలి. తర్వాత సర్వీస్ మేనేజరు మునిగి, ఇంజిన్ విప్పినప్పుడు జిగురు తప్ప ఇంకేమీ కనపడలేదు అని చెప్పాలి. ఏరియా మేనేజరు చెన్నై నుంచి ఆన్‌లైన్లో ప్రమాణం చేస్తానంటే ఒప్పుకోకూడదు. కోనేట్లోకి దిగేముందు జేబులో సెల్‌ఫోన్లు తీసి గట్టు మీద పెట్టమని అందరికీ మైకులో చెప్పించాలి. నీళ్లు పోతే వాటికి కూడా వారెంటీ రాదు.