ఎండాకాలంలో కొండ ఊరు: ఇద్దరికి రెండు రోజులు

మే నెలలో విశాఖలో ఎండ కన్నా ఉక్కపోత ఎక్కువ బాధపెడుతుంది. రాత్రి పదకొండింటికి మేడ మీదకెళ్లినా గాలి ఆడదు. మా ఆయనది షిఫ్టు డ్యూటీ, నాది బ్యాంకు ఉద్యోగం. ఇద్దరికీ కలిసి రెండు రోజులు సెలవు దొరకడమే గగనం. అలా దొరికిన రెండు రోజులు కొండ మీద ఉండొద్దామంటే ఇంట్లో అందరిదీ ఒకటే మాట: ‘‘అరకు చలికాలంలో కదా వెళ్లేది, ఈ ఎండల్లో అక్కడేముంటుంది?’’

ఈ మాట మనలో బాగా పాతుకుపోయింది. దీంతో కొండ ఊళ్లకు నష్టం జరుగుతోందని నా అభిప్రాయం. వలిసె పూలకు, లంబసింగి మంచుకు, వంజంగి మేఘాలకు నవంబరు నుంచి జనవరి దాకా కార్లు బారులు తీరతాయి. అక్కడి రైతులకు అదే కాఫీ పళ్లు కోసే కాలం, ఊపిరి సలపని పని. ఎండలు ముదిరేసరికి కాఫీ డబ్బులు ఖర్చయిపోతాయి. చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు సంతకు పట్టుకెళ్లి అమ్మితే వచ్చేదే ఆధారం. తొలకరికి విత్తనాలు కొనాలి, జూన్‌లో పిల్లల్ని బడికి పంపాలి. సరిగ్గా చేతిలో పైసా ఆడని ఆ రోజుల్లోనే మనం అటు వెళ్లడం మానేస్తాం.

చల్లగా ఉంటుందా అంటే, వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. విశాఖ నుంచి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలు లైన్లో శిమిలిగూడ స్టేషన్ ఉన్నది దాదాపు ఆ ఎత్తులోనే. మధ్యాహ్నం ఎండ అక్కడా ఎండే. అసలు తేడా రాత్రి తెలుస్తుంది. సాయంత్రం మబ్బు పట్టి, నాలుగు ఉరుములు ఉరిమి ఓ వాన పడిందా, తెల్లవారుజామున దుప్పటి వెతుక్కోవాల్సిందే. విశాఖలో ఏసీ గదిలో కూడా రాని నిద్ర అక్కడ వచ్చింది.

పొద్దున్నే కిరండూల్ పాసింజరు ఎక్కాం. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన లైను అది. 2017లో దీనికి అద్దాల పెట్టె తగిలించాక టికెట్లకు పోటీ పెరిగింది గానీ, మామూలు పెట్టెలో తలుపు దగ్గర నిలబడితే సొరంగం దాటిన ప్రతిసారీ గాలి మారడం ఒంటికే తెలుస్తుంది.

మొదటి రాత్రికి ముందే ఒక రిసార్టులో గది తీసుకున్నాం. దాని పేరు ఇక్కడ అనవసరం. ఈత కొలను నిండుగా ఉంది, పచ్చికకు పైపు పెట్టి నీళ్లు కొడుతున్నారు. గోడ అవతల మలుపులో ముగ్గురు ఆడవాళ్లు నెత్తిన రెండేసి బిందెలతో ఎగువకు వెళ్తున్నారు. మా ఆయన చాలాసేపు అటే చూసి, ‘‘పొద్దున్నే ఇక్కణ్నుంచి వెళ్లిపోదాం’’ అన్నాడు. పదకొండేళ్ల కాపురంలో ఇద్దరికీ ఒకే మాట ఒకే క్షణంలో తోచడం అరుదు.

రెండో రోజు అనంతగిరి మండలంలో ఒక ఊళ్లో ఓ గిరిజన కుటుంబం ఇంట్లో ఉన్నాం. పెంకుటిల్లు, ఎర్రమట్టితో అలికిన అరుగు, పెరట్లో పనస చెట్టు. రాగి అంబలి, చింతచిగురు పప్పు పెట్టారు. సాయంత్రం ఆ ఇంటావిడతో ఊట దగ్గరకు వెళ్లాం. కొండ బండ సందులోంచి వచ్చే నీటికి చీల్చిన వెదురు దోనె కట్టారు. దారం లావు ధార. బిందె నిండేలోపు నేను నాలుగు వందల దాకా లెక్కపెట్టాను. ‘‘ఎండిపోనేదమ్మా, సన్నపడిపోనాది’’ అందావిడ. నిండిన బిందె మా ఆయన భుజానికెత్తుకుని, ఆ రాళ్ల దారిలో ఇంటిదాకా ఎక్కడా దించకుండా తెచ్చాడు. ఆ రాత్రి అరుగు మీద కూర్చుని మేం మాట్లాడుకున్నన్ని మాటలు, అంతకుముందు ఆరు నెలల్లో మాట్లాడుకుని ఉండం.

ఈ కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా గుహల మీదుగా దిగి, తాటిపూడి జలాశయం నింపి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్లు విశాఖ తాగుతుంది. అంటే మా ఇంటి కుళాయిలో వచ్చేది ఆ కొండల నీరే. ఆ ఊరి ఆడబిడ్డలేమో ఊట దగ్గర వంతు కోసం నిలబడుతున్నారు. మంచు కమ్మిన డిసెంబరులో వెళ్తే ఈ సంగతి మన కంట పడదు. వేసవిలో వెళ్లమని నేను గట్టిగా చెప్పడానికి పెద్ద కారణం ఇదే.

ఇక ఎక్కడ ఉండాలన్నది. 1970లో సవరించిన భూ బదలాయింపు నిబంధన, మనం 1/70 చట్టం అనేది, ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కాపాడుతుంది. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుకు మూలం కూడా ఈ అనంతగిరి మండలమే. అక్కడి భూముల్ని గనులకు లీజుకివ్వడంపై గిరిజనుల పక్షాన నడిచిన పోరాటం అది. ఇంత చరిత్ర ఉన్న చోట పర్యాటకం పేరుతో బయటి పెట్టుబడి నేల మీద పాగా వేస్తే ఆ పోరాటానికి అర్థం ఉండదు. గిరిజన కుటుంబం తన సొంత ఇంట్లో ఒక గది అతిథులకిస్తే భూమి చేతులు మారదు, డబ్బు ఊళ్లోనే ఉంటుంది.

జంటలకు నేను చెప్పేది ఒకటి. రెండు రోజుల్లో బొర్రా, కటికి, చాపరాయి, గాలికొండ, పద్మాపురం అన్నీ చుట్టేయాలని చూడకండి. సగం సమయం ఘాట్ రోడ్డు మలుపుల్లోనే పోతుంది. ఒక్క ఊరు చాలు. చైత్రంలో వెళ్తే ఇటుకల పండుగ రోజుల్లో ఆడవాళ్లు దారికడ్డంగా నిలబడి డబ్బులడుగుతారు. విసుక్కోవద్దు, వాళ్ల పండుగకు మనమిచ్చే చందా అది. మన నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లు మన సంచిలోనే విశాఖకు తిరిగి రావాలి. స్నానానికి సగం బకెట్‌తో సరిపెట్టుకోవాలి.

పాడేరులోని ఐటీడీఏ, అంటే సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ, తలుచుకుంటే కష్టం కాని పనులు రెండున్నాయి. అతిథులకు గది ఇచ్చే గిరిజన కుటుంబాల జాబితా, ధరలతో సహా, అరకు స్టేషన్లోనూ విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సులోనూ బోర్డు మీద రాయించాలి. అలాంటి ప్రతి ఊళ్లో ఎగువ ఊట నుంచి పైపు వేసి, రాత్రి ధారను పట్టి ఉంచే తొట్టి కట్టించాలి. మేం చూసిన ఊట రాత్రంతా పారుతూనే ఉంది. పట్టే బిందె లేక ఆ నీళ్లన్నీ బండ మీద నుంచి కింది గెడ్డ (వాగు)లోకి జారిపోతున్నాయి.