అక్షరం చుట్టూ ఉన్న ఖాళీ

యూదుల ప్రార్థనా మందిరమైన సినగాగ్‌లో చదివే తోరా చుట్టలో, అంటే మోషే ఐదు గ్రంథాలను చేత్తో రాసిన చర్మపు చుట్టలో, 3,04,805 అక్షరాలుంటాయి. వాటిలో ఒక్కటి చెరిగిపోయినా, పక్కదానికి తగిలినా ఆ చుట్ట పారాయణకు పనికిరాదు. సరిచేశాకే మళ్లీ చదవాలి. ఈ పట్టింపులో నన్ను కట్టిపడేసిన నియమం ఒకటుంది. ప్రతి అక్షరం చుట్టూ నాలుగు వైపులా రాయని చర్మం కనిపించాలి. సిరాకు ఎంత విలువో, సిరా తగలని చోటుకూ అంతే విలువ.

యూదు చిత్రకారులు బొమ్మలు లేకుండా రంగులూ గీతలతోనే సాగే నైరూప్య కళ వైపు ఎందుకు వెళ్లారని అడిగితే చాలామంది ఒక తేలిక జవాబు చెప్తారు. విగ్రహాలు చేయొద్దని పది ఆజ్ఞల్లో ఉంది కదా, అందుకని. నేనిది ఒప్పుకోను. సిరియాలోని దూరా-యూరోపస్‌లో 1932లో తవ్వకాల్లో బయటపడ్డ మూడో శతాబ్దపు సినగాగ్ గోడల నిండా మోషే, ఎస్తేరు కథల బొమ్మలే. 1008 నాటి హీబ్రూ బైబిల్ చేతిరాత ప్రతి, లెనిన్‌గ్రాడ్ ప్రతిలోనైతే చీమల బారుల్లాంటి అక్షరాలతోనే అల్లికలు అల్లారు. నిషేధం ఒక్కటే కారణమైతే ఇవన్నీ ఎక్కడివి?

నా లెక్కలో అసలు మూలం లేఖకుడి బల్ల దగ్గరుంది. అతన్ని సోఫెర్ అంటారు. చర్మం మీద సిరా లేకుండా గీతలు గీసి, వాటికి అక్షరాలను వేలాడదీస్తాడు. ఎంత కంఠస్థమైనా చూసే రాయాలి, ప్రతి మాటా పైకి పలికి రాయాలి. దేవుడి నామం వచ్చినప్పుడు ఆగి, ఆ నామ పవిత్రత కోసం రాస్తున్నానని చెప్పుకుంటాడు. ఒకసారి రాశాక ఆ నామాన్ని చెరపకూడదు. ఏడు రకాల అక్షరాల మీద ముళ్లలా నిలిచే మూడేసి చిన్న గీతలు, కిరీటాలు, పెడతాడు. మన తలకట్టు పలుకును మారుస్తుంది, ఈ కిరీటాలు ఏ శబ్దాన్నీ చేర్చవు. అయినా ఆ కిరీటాల ఒక్కో ముల్లు నుంచీ గుట్టలకొద్దీ ధర్మసూత్రాలు తీయగల పండితుడు అకీవా కథ యూదుల ధర్మశాస్త్ర గ్రంథం తాల్ముద్‌లో ఉంది. అర్థం కంటే ముందే గీత పవిత్రమైపోయిన చోటు ఇది. పాతబడ్డ చుట్టల్ని పారేయరు, మనిషిని పూడ్చినట్టు పూడ్చిపెడతారు. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే మనకు ఇది వివరించి చెప్పక్కర్లేదు.

ఇక ఖాళీ సంగతి. 16వ శతాబ్దంలో గలిలయలోని సఫేద్ పట్టణంలో యూదు మార్మికుడు ఐజక్ లూరియా త్సిమ్‌త్సుమ్ అనే ఊహను బోధించాడు. దేవుడు తనను తాను కుదించుకుని చోటిచ్చాడు, ఆ చోటులోనే సృష్టి జరిగిందని. అక్షరం చుట్టూ చర్మాన్ని వదిలే లేఖకుడి చేతికి ఈ ఊహ కొత్తగా అనిపించి ఉండదు.

న్యూయార్క్‌లో పుట్టిన యూదు నైరూప్య చిత్రకారుడు బార్నెట్ న్యూమన్ 1948లో 'వన్‌మెంట్ 1' వేశాడు. ముదురు ఎరుపు మీద నిలువునా ఒకే ఒక్క నారింజ గీత. అది వేశాక నెలల తరబడి దాన్నే చూస్తూ ఆలోచించాడు. అందులో నాకు గీత కంటే ముందు అది రెండు పక్కలా తెరిచిన చోటు కనిపిస్తుంది. ఇప్పటి లాత్వియాలోని డ్విన్స్క్‌లో పుట్టి చిన్నప్పుడు యూదు మతపాఠశాలలో చదివిన మరో నైరూప్య చిత్రకారుడు మార్క్ రాత్కో విషయంలో మాత్రం తొందరపడకూడదు. హ్యూస్టన్‌లో 1971లో తెరిచిన మందిరంలోని ఆయన 14 చిత్రాలు దాదాపు నలుపే. ఆ మందిరం ఏ ఒక్క మతానిదీ కాదు. చిన్ననాటి చదువే అలా వేయించిందనడం అతి అవుతుంది.

న్యూమన్ దగ్గర మాత్రం ఊహించాల్సిన పని లేదు, పేరు ఆయనే పెట్టాడు. 1963లో ఒక ప్రదర్శన కోసం జిగ్‌జాగ్ గోడలతో సినగాగ్ నమూనా చేశాడు. ఆరేళ్ల తర్వాత అదే మెలికతో ఎదురెదురుగా రెండు ఉక్కు తెరలు నిలబెట్టి 'జిమ్ జుమ్ 1' అన్నాడు, లూరియా త్సిమ్‌త్సుమ్ పేరే అది. ఆ శిల్పాన్ని చూడాలంటే రెండు తెరల నడుమ వదిలిన సందులోకి నడవాలి.