బుక్‌మార్క్ చుక్కగారికి లంక టీచరు విన్నపం

కోనసీమ,
వరద తీసిన ఆదివారం

బ్రౌజర్ అరుగు మీద ఓ మూల కాపురముంటూ, నొక్కితే చాలు వెబ్‌సైట్లని దాచిపెట్టే బుక్‌మార్క్ చుక్కగారికి నమస్కారాలండి.

మేమిక్కడ క్షేమం. మీ దగ్గర దాచిన నా 412 వెబ్‌సైట్లు అక్కడ క్షేమమని తలుస్తాను. తలవడమే గానీ ఎప్పుడూ వెళ్లి చూసింది లేదు.

ఎవరైనా ఏడిపిస్తే పట్టపగలే చుక్కలు చూపించారంటాం. మీరు ఆ పని రాత్రిళ్లు చేస్తారు. అంట్లు సర్దేసి, రేపు పిల్లలకి ఏదైనా కొత్తగా చెబుదామని ల్యాప్‌టాప్ తెరుస్తానా, ఒక వింత సైటు ఇంకో వింత సైటుకి దారి చూపిస్తుంది. కనిపించిన ప్రతిదాని మీదా మిమ్మల్ని నొక్కుతాను. మీరు నీలంగా మెరుస్తారు. పాఠం చెప్పేసినంత తృప్తి నాకు. ఒంటిగంటకి మావారు అటు తిరిగి పడుకునే అడుగుతారు, "దొరికిందా రేపటి పాఠం?" అని. "నాలుగు దొరికాయండీ" అంటాను. పొద్దున్నే గోదావరి దాటించే పంటు ఎక్కి లంకలో ఉన్న బడికెళ్లి, యాప్‌లో హాజరు ఫోటో, భోజనం ఫోటో, కోడిగుడ్ల లెక్క ఎక్కించేసరికి పీరియడ్‌లో మిగిలేది పావుగంట. ఆ పావుగంటలో పుస్తకంలో ఉన్నదే చెబుతాను.

మీ సంచిలో సరుకు చెడ్డదని నేననను. కామెరాన్ బెకారియో అనే ఆయన 2013లో పెట్టిన గాలుల పటం ఉంది. భూమంతా గాలి ఎటు వీస్తోందో అందులో దారప్పోగుల్లా కదులుతూ కనిపిస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే ఆ పోగులన్నీ గడియారం ముల్లుకి ఎదురుగా సుడి తిరుగుతాయి. 2016లో నెదర్లాండ్స్‌లో మొదలైన రేడియో గార్డెన్ ఉంది, గ్లోబు తిప్పి పచ్చచుక్క మీద ఆగితే ఆ ఊరి రేడియో మోగుతుంది. గ్యాప్‌మైండర్ అనే సంస్థ వాళ్ల డాలర్ స్ట్రీట్ ఉంది, ప్రపంచంలోని ఇళ్లని ఆదాయం వరసలో ఒకే వీధిలో నిలబెట్టి, పొయ్యి దగ్గర్నుంచి పళ్లు తోముకునే పుల్ల దాకా ఫోటోలు తీసి పెట్టారు. అది తరగతిలో ఒకసారి చూపించాను. ఆదాయాల్లో తేడాల మీద చర్చ నడుస్తుందని నా ఆశ. నడిచిందల్లా ఆ పొయ్యి మీద ఏం ఉడుకుతోందన్న చర్చ. బెల్లు కొట్టేదాకా తేలలేదు.

పోయినవాళ్ల సంగతి కూడా చెప్పాలి. వెబ్‌సైట్లలో బొమ్మలు కదిలించిన ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌కి 2020 డిసెంబరు 31తో నూకలు చెల్లాయి. దాని మీద బతికిన నా అగ్నిపర్వతాలు, గుండె బొమ్మలు, తక్కెళ్లు ఇప్పుడు తెరిస్తే తెల్లకాగితాలు. వాటికీ మీరింకా నీలంగానే వెలుగుతున్నారు. ఇదేం సంతాపమండీ?

సరే, మీ మాట విని నిజంగా చెప్పిన పాఠం ఒకటుంది. మన ఊరి దగ్గర బొరియ పెట్టి భూమి నడిమధ్యనుంచి అవతలికి పోతే ఎక్కడ తేలతామో చూపించే సైటు. ఆరో తరగతికి అక్షాంశాలు, రేఖాంశాలు చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? మనం ఉత్తరాన 16.5 డిగ్రీల దగ్గర ఉన్నాం గనక అవతల దక్షిణాన అదే అంకె. తూర్పు 82ని 180లోంచి తీసేస్తే పడమర 98. బోర్డు మీద లెక్క వేయించి, తరగతిలోని డిజిటల్ ప్యానెల్ మీద సైటు తెరిచాను. మా బడి ఆవరణలో దిగినవాళ్లు పసిఫిక్ మహాసముద్రంలో తేలారు, పెరూకి పడమరగా, చుట్టూ ఎక్కడా నేల లేకుండా. నేను చప్పట్ల కోసం ఆగాను.

"అంత లోతు తవ్వితే మళ్లీ నీళ్లేనా మేడం? మనకి నాలుగడుగులకే పడతాయి కదండీ?"

"అయ్యీ ఉప్పునీళ్లేనండి" అంది పక్క పిల్ల. "మా బోరులాగే."

డెల్టా పిల్లలకి నీళ్లు చూపించి ఆశ్చర్యపరుద్దామనుకోవడం నా తెలివితక్కువ. ఆ పీరియడ్ అంతా రొయ్యల చెరువుల చుట్టుపక్కల బోర్లు ఎందుకు ఉప్పగా అయిపోతున్నాయో మాట్లాడుకున్నాం. మీ సైటు పెరూ పక్కనే ఉండిపోయింది.

అసలు ఈ ఉత్తరం రాయించింది మొన్నటి వరద. కేంద్ర జల సంఘం వాళ్ల వరద పేజీకి అందమూ లేదు, చందమూ లేదు. ఒక గీత, దాని పైన ఇంకో రెండు అడ్డగీతలు. దానికి నేను మిమ్మల్ని నొక్కలేదు కూడా, అందులో వింతేముందని. ఎనిమిదో తరగతికి ఊరికే తెరిచి చెప్పాను: భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండు, 53కి మూడు. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి పది లక్షల క్యూసెక్కులు దాటితే మొదటిది, 13కి రెండోది, 17కి మూడోది. పది లక్షల క్యూసెక్కులంటే ఎంతని అడిగారు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్ల పైచిలుకు. గుణించుకుంటూ పోతే మా బడి మేడ మీది వెయ్యి లీటర్ల నల్లట్యాంకులు సెకనుకి 28 వేలు వచ్చాయి. ఒక్క సెకను తరగతి నిశ్శబ్దం.

అప్పుడు కిటికీ పక్క బెంచీ కుర్రాడు లేచాడు. వాళ్ల నాన్న పంటు మీద పనిచేస్తాడు.

"మేడం, మా రేవులో ఏడో మెట్టు మునిగితే మొదటి హెచ్చరికండి. ఎనిమిది మునిగితే పంటు కట్టేస్తారండి. పంటు కట్టేస్తే మీరు రారండి. బడి ఉండదండి."

ఆ మర్నాటి నుంచి వాడు మెట్లు లెక్కపెట్టడం, మిగతావాళ్లు లక్షలు రాయడం, చార్టు మీద పక్కపక్కనే రెండు గీతలు. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఎగరేసిన పూట రేవులో దిగి చూశాను. ఏడో మెట్టు అప్పుడే తడుస్తోంది. వాడు నాకేసి చూశాడు గానీ ఏమీ అనలేదు. మర్నాడు పంటు ఆగిపోయింది. నేను ఇవతలి గట్టున, పిల్లలు అవతల. లెక్క మాత్రం ఆగలేదు, వాళ్లమ్మ ఫోన్ నుంచి పొద్దున్నే వచ్చేది. "తొమ్మిదండి." "పదండి." రెండో హెచ్చరిక రోజున: "పదకొండండి మేడం. ఇంక మెట్లు అయిపోయాయండి."

ఏమనాలో తెలియక, "పుస్తకాలు అటక మీద పెట్టుకోండి నాన్నా" అన్నాను.

"అయ్యి నిన్నే పెట్టేశామండి."

ఆ వేళ చుక్కగారూ, తమరెక్కడున్నారు?

ఇప్పుడు నీళ్లు తీశాయి. 1986 వరద చూసిన ఆ కుర్రాడి నాయనమ్మ ఈ వరద అసలు వరదే కాదంటోంది. ఆ ఏడు భద్రాచలం దగ్గర 75.6 అడుగులు కాబట్టి ఆవిడ అనొచ్చు. మొన్న పిల్లలతో కలిసి రేవులో బురద కడిగి, ఒక్కో మెట్టు మీద తెల్లరంగుతో అంకె వేశాం. ఏడో అంకె దగ్గర అప్పుడే ఎవరో బండకేసి బట్టలు ఉతికేశారు, సగం పోయింది. మళ్లీ వేయాలి. రంగుడబ్బా ఎక్కడ పెట్టానో గుర్తు రావడం లేదు. దానికి చుక్క పెట్టుకోలేదు మరి.

ఇట్లు,
412 సైట్లు మీ దగ్గర తాకట్టు పెట్టిన
సోషల్ టీచరు