మా జిప్సీ జీపులో నక్కిన దొంగ అరకు ఉత్తరం

మహారాజశ్రీ దొంగ అర గారికి, తిరుపతి కొర్లగుంట నుంచి తమ యజమాని నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

గారు అన్నానని ఉబ్బిపోకు. నీకు ఉబ్బడం అలవాటే, పోయిన వానాకాలం చూశాను కదా. ఇక్కడి నుంచి నువ్వనే పిలుస్తాను. నిన్ను పుట్టించినవాణ్ణి, ఆమాత్రం హక్కు నాకుంది. ఇక్కడ మేమంతా క్షేమం. నీ కడుపులో ఉన్న లాగుడు తాడు, మా ఆవిడ గొడుగు కూడా క్షేమమేనని తలుస్తాను. తెరిచి చూసుకునే ధైర్యం మాత్రం లేదు. మూత వేస్తే మళ్లీ ఎప్పుడు లేస్తుందో నీకే తెలియదు.

నువ్వెందుకు పుట్టావో చెబుతాను, విను. మాది 2008 మోడల్ మారుతి జిప్సీ, సాఫ్ట్ టాప్. అంటే పైకప్పు గుడ్డ, పక్కలు గుడ్డ. వెనక కిటికీ అని మేం గౌరవంగా పిలుచుకునేది ఒక ప్లాస్టిక్ కాగితం, దానికో జిప్పు. ముందు తలుపులకు తాళం ఉంది. ఆ తాళం వేయడమంటే పంచె కట్టుకోకుండా నడుముకు బెల్టు బిగించడమే. 1985లో మన రోడ్లెక్కిన రకం బండి ఇది. సుజుకీ వాళ్ల ఎస్‌జే అనే జీపుల జాతిలో కాస్త పొడుగు బిడ్డ, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2,375 మిల్లీమీటర్లు. ఆ వచ్చిన పొడుగంతా వెనక ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు మోకాళ్లు కొట్టుకోవడానికే సరిపోయింది. సైన్యం ముచ్చటపడి కొనుక్కుంది, నిజమే. అక్కడ బండి పక్కన సిపాయి నిలబడతాడు. లీలామహల్ సెంటర్లో నా బండి పక్కన ఎవరు నిలబడతారు?

మొదట గొడుగు పోయింది. తర్వాత టార్చిలైటు. తర్వాత సగం తిన్న బూందీ పొట్లం. ఆ దొంగ మీద నాకు కోపం లేదు, ఆకలి అనుకున్నాను. తలకోనలో ఒక కోతి జిప్పు తీసి పులిహోర డబ్బా ఎత్తుకుపోయింది. జిప్పు తీసిందే గానీ చించలేదు. ఆ మర్యాద అంతకు ముందు వచ్చిన మనుషులు చూపలేదు.

తాళాల పెట్టెలు రెడీమేడ్‌గా దొరుకుతాయి, కాదనను. ఉక్కువి, బోల్టులతో సహా. ధర చూస్తే ఆ పెట్టెను దాచడానికి ఇంకో పెట్టె కావాలనిపించింది. అప్పుడు మా అవ్వ భోషాణం గుర్తొచ్చింది. పై అర లాగి పక్క పలక నొక్కితే లోపల మరో అర తెరుచుకునేది. అందులో ఏముండేదో ఆమె చనిపోయేదాకా ఎవరికీ తెలియలేదు. చివరికి తెరిస్తే ఒక వక్కాకు సంచి దొరికింది. అది చూసైనా నాకు బుద్ధి రావలసింది.

నీ పుట్టుక గురించి కొంచెం గర్వంగానే చెప్పుకోవాలి. వెనక ఎడమ సీటు కింద, చక్రం గూడు పక్కన చోటు వృథాగా పడి ఉంది. గ్యాస్ స్టవ్ అట్టపెట్టె చించి ఆ గూడు వంపుకు సరిపోయేదాకా కత్తిరించాను. అట్ట మీద తప్పు చేస్తే రూపాయి పోదు, పలక మీద చేస్తే పోతుంది. పొడవు రెండున్నర అడుగులు, వెడల్పు అడుగు, లోతు ఎనిమిది అంగుళాలు. ఆ అట్ట పట్టుకుని వడ్రంగి ఆశారి దగ్గరికి వెళ్లాను.

“సార్, వంటింటి పనిలో మిగిలిన ప్లైవుడ్ ముక్కలుండాయి, ఊరికే పడుండాయి” అన్నాడాయన. ఊరికే అన్న మాట నా చెవిలో ఎంత తియ్యగా పడిందో నీకు తెలియదు. ప్లైవుడ్‌లో ఎంఆర్ అని ఒకటి, బీడబ్ల్యూఆర్ అని ఒకటి ఉంటాయి. మొదటిది చెమ్మను కొంచెం ఓర్చుకుంటుంది, రెండోది మరిగే నీళ్లనూ ఓర్చుకుంటుంది. రెండిటి ముఖమూ ఒకలాగే ఉంటుంది, వెనక ముద్ర చదివితే తప్ప తెలియదు. నేను చదవలేదు. ఊరికే వచ్చినదాని జాతకం చదవరాదని మా ఇంట్లో ఆచారం. పై కప్పు గుడ్డ, కింద ఎంఆర్ ప్లైవుడ్. తొలి తుపానుకే నువ్వు పూరీలా పొంగావు.

ఒక్క విషయంలో మాత్రం నీ ప్రాణం, నా ప్రాణం నేనే కాపాడాను. ఆశారి డ్రిల్లింగ్ మిషన్ తీసి ఫ్లోరు మీద నాలుగు చుక్కలు పెట్టి, “నాలుగు స్క్రూలు దించేస్తే కదల్దు సార్” అన్నాడు. జిప్సీ పెట్రోలు ట్యాంకు ఉండేది సరిగ్గా ఆ వెనక ఫ్లోరు కిందే. నలభై లీటర్లది. ఆ స్క్రూలు దిగి ఉంటే ఈ ఉత్తరం రాసేవాడే ఉండేవాడు కాదు. ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. చివరికి సీటు బిగించిన బోల్టులనే కాస్త పొడుగువి తెప్పించి, ఆ రంధ్రాల్లోనే నిన్నూ కలిపి బిగించాం. కొత్త రంధ్రం లేదు, కాబట్టి తుప్పుకు కొత్త దారీ లేదు. నాలుగు చక్రాల దగ్గరా కమాను పట్టీలున్న బండి కదా, ఊగితే మామూలు నట్టు ఊడి రోడ్డు మీద పడుతుంది. అందుకని లోపల నైలాన్ రింగుతో బిగిసి ఉండే నైలాక్ నట్లు వేయించాను. పలకకీ ఇనుముకీ మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టాం, గడగడలాడకుండా. ఈ సంగతులన్నీ ఎవరైనా ధైర్యంగా కాపీ కొట్టొచ్చు.

కాపీ కొట్టకూడనిది నీ గడియ. తాళంచెవి రంధ్రం పైకి కనిపిస్తే అది దొంగ అర ఎలా అవుతుందని, సైకిల్ బ్రేకు వైరు ఒకటి గడియకు కట్టి డ్రైవర్ సీటు కింద దాకా లాగించాను. అక్కడ లాగితే ఇక్కడ మూత లేస్తుంది. మొదటిసారి లేచినప్పుడు ఆశారి చప్పట్లు కొట్టాడు. కూలి 900, రెక్సిన్ 260, మడతబందులు 120, బ్రేకు వైరు 40, నట్లు బోల్టులు 110, టీలు బోండాలు 310. మొత్తం 1,740 రూపాయలకు నువ్వు మా ఇంటి బిడ్డవయ్యావు.

ఇక రహస్యం సంగతి. నువ్వున్నావని ఆశారికి తెలుసు, రెక్సిన్ కుట్టిన కుర్రాడికి తెలుసు, బోండాలు తెచ్చిన పిల్లాడికి తెలుసు. అక్కడితో ఆగితే బాగుండేది. నేను ఆగలేకపోయాను. ఇంటికొచ్చిన ప్రతివాడికీ కాఫీ ఇచ్చాక కిందికి తీసుకెళ్లి, “ఇందులో ఒక అర ఉంది, కనిపెట్టండి చూద్దాం” అనేవాణ్ణి. వాళ్లు కనిపెట్టలేకపోతే నాకే ఆగేది కాదు, వైరు లాగి చూపించేవాణ్ణి. కొండ మీద స్వామి దర్శనానికైనా క్యూ ఉంది, నీకది కూడా లేదు. దసరా నాటికి మా వీధి, మా వియ్యాలవారి వీధి, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, నెలకోసారి వచ్చే సిలిండర్ అబ్బాయి, అందరూ నీ భక్తులే. ఎవరూ చూడకపోతే దొంగ అర చేయించుకుని ఏం లాభం చెప్పు?

పైగా దాచడానికి నా దగ్గర ఏముందని! కెమెరా సీటు మీదే ఉండేది, వంగి వైరు లాగడానికి నడుం నొప్పి. పర్సు డ్యాష్‌బోర్డు మీద ఉండేది. నీలోకి చేరింది మా ఆవిడ పెళ్లిళ్లలో తెచ్చిన తాంబూలం సంచులు, రెండు రవిక గుడ్డలు, బాగు చేయించాలనుకున్న మిక్సీ మూత. జూన్‌లో ఒకరోజు దామలచెరువు వైపు నుంచి వస్తూ ఆరు తోతాపురి కాయలు కూడా పెట్టి మర్చిపోయింది. వారం తర్వాత బండెక్కిన మా మామగారు ముక్కు మూసుకుని, “అల్లుడూ, ఏదో చచ్చింది” అన్నారు. బానెట్ కింద వెతికారు, సీట్ల కింద వెతికారు. అంత వాసనలోనూ నిన్ను కనిపెట్టలేకపోయారు. నువ్వు రహస్యంగా పనిచేసింది ఆ ఒక్క రోజే.

తలకోన రోడ్డు సంగతి ఎత్తకుండా ఉండలేను. నెరబైలు దాటాక వెనక టైరు పంక్చర్. స్టెప్నీ వెనక తలుపుకు వేలాడుతూ కళ్లెదురుగా ఉంది. జాకీ, స్పానర్ నీ కడుపులో ఉన్నాయి, భద్రంగా. వైరు లాగాను. ఇంకా గట్టిగా లాగాను. చేతిలోకి మొత్తం వైరు వచ్చింది, నువ్వు మాత్రం ఉబ్బి మూత బిగబట్టుకుని కూర్చున్నావు. చెనక్కాయ చేనుకు ట్రాక్టర్‌లో పోతున్న రైతు ఆగి, తన జాకీ ఇచ్చి, స్పానర్ ఇచ్చి, నట్లు కూడా ఆయనే తిప్పి, “మీ జాకీ యాడ పెట్టినారు సామీ?” అని అడిగాడు. దాచిపెట్టానని చెప్పాను. ఆయన నన్ను చూసిన చూపుకు నీళ్లు తాగాలనిపించింది. నీళ్ల సీసా కూడా నీలోనే ఉంది.

ఆ సాయంత్రమే చెక్‌పోస్టు. దొంగ అర చేయించుకునే ముందు నేను ఏ ఊళ్లో ఉన్నానో ఒక్కసారి ఆలోచించి ఉండాల్సింది. చుట్టూ శేషాచలం. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ తూర్పు కనుమల దక్షిణపు కొసలోనే. ఆ దుంగల దొంగరవాణా ఆపడానికి ప్రత్యేకంగా టాస్క్‌ఫోర్స్‌ ఉన్న ఊరు మాది. ఇంకో ఊళ్లో బండిలో చాటు అర ఉందంటే తెలివైనవాడు అంటారు. ఇక్కడ, ఒక్క నిమిషం దిగండి అంటారు.

దిగాను. కానిస్టేబుల్ టార్చి వేసి రెండు సీట్ల కిందా చూశాడు. కుడి సీటు మీద కూర్చుని కాళ్లు ఊపాడు. ఎడమ సీటు మీద కూర్చుని ఊపాడు, మడమ టక్కున తగిలింది. “కుడిపక్క కాళ్లు ఆడతాయి, ఎడమపక్క ఆడవు. ఏముండాది సామీ లోపల?” అంతే. నా అట్ట కొలతలు, నా బ్రేకు వైరు, నా నల్ల రెక్సిన్, అన్నీ ఒక మడమకు లొంగిపోయాయి. నేను వైరు కథ మొదలుపెట్టేలోపే ఆయన స్క్రూడ్రైవర్ సందులో దూర్చి, అరచేత్తో ఒక్క దెబ్బ వేశాడు. నాకు మధ్యాహ్నమంతా తెరుచుకోని దానివి, ఆయనకు కోడలిలా వినయంగా తెరుచుకున్నావు.

లోపల టార్చి తిప్పాడు. జాకీ, తాంబూలం సంచులు, మిక్సీ మూత, ఎండిపోయిన ఒక మామిడి టెంక. చాలాసేపు చూశాడు. తర్వాత నిజంగానే అర్థంకాక అడిగాడు. “దీంట్లో దుంగ పట్టదు గదా సామీ. మరి ఎందుకు దాచినారు?”

అనుమానించినా బాధ ఉండేది కాదు. జాలిపడ్డాడు. పోయేటప్పుడు, “మడతబందులు లోపలికి పెట్టించుకోండి, బయటికి కనపడతా ఉండాయి” అని సలహా కూడా ఇచ్చాడు. ఇంటికొచ్చేదాకా మా ఆవిడ కిటికీలోంచి బయటికే చూసింది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

అప్పటి నుంచి అలిపిరి దగ్గర ఎవరూ అడగకముందే నేనే దిగి నిన్ను తెరిచి పెడుతున్నాను. సిగరెట్టు, మందు, మాంసం కొండ మీదికి పోవు సరే, నీలో ఉన్నది మిక్సీ మూతేనని ప్రతిసారీ వివరించాల్సి వస్తోంది. జాకీని తీసి ముందు సీటు కాళ్ల దగ్గర పెట్టాను, అందరికీ కనిపించేలా. ఇంతవరకు ఎవడూ ముట్టుకోలేదు. నీకు మంచి ప్లైవుడ్ మూత, కొత్త వైరు వేయించాను. అదేం చిత్రమో, ఇంకా నిన్ను నమ్ముతూనే ఉన్నాను.

ఇట్లు,
నీ యజమాని

తా.క. (వేరే కాగితం మీద): ఉత్తరం మడిచి నీలోనే పెట్టి మూత వేశాను, రహస్యంగా ఉంటుందని. బండి రెండో తాళంచెవి కూడా ఆ చేత్తోనే లోపల పడిందని ఇప్పుడు తెలిసింది. మొదటిది పోయి నెలైంది. వైరు లాగితే చేతిలోకి వచ్చింది. ఆశారి పెళ్లిపనులకు పలమనేరు వెళ్లాడట. ఆ చెక్‌పోస్టు కానిస్టేబుల్‌ది పగటి డ్యూటీయో రాత్రి డ్యూటీయో కనుక్కుంటున్నాను.