గోడ మీది గ్యాసు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్ గారికి,

హన్మకొండ నుంచి ఒక కెమిస్ట్రీ లెక్చరర్ నమస్కరించి రాయునది.

ముందు తమరు ఏ పార్టీయో తేల్చాలి. ద్రవమా, వాయువా? 31 డిగ్రీలు, 74 బార్లు (అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు అన్ని రెట్లు) దాటగానే రెండు పార్టీల కండువాలూ మెడలో వేసుకుంటారు. సాంద్రత ఎంతంటే ద్రవం లెక్క చెప్తారు. చిక్కదనం ఎంతంటే వాయువు లెక్క చెప్తారు. తలతన్యత సంగతి ఎత్తితే అసలు అట్లాంటిది నా దగ్గర లేనే లేదంటారు. గోడ మీది పిల్లి ఎప్పటికైనా ఏదో ఒక పక్కకు దుంకాల్సిందే. తమరు గోడనే మాయం చేశారు. ఇట్లాంటివాళ్లు ఎన్నికలప్పుడు మా దగ్గరా మండలానికి పదిమంది తేలతారు గానీ, వాళ్లతో మిరపకాయలోంచి రంగు తీయించలేం కదా.

తమరిలాంటివాళ్ల బండారం మొదట బయటపడింది ఫిరంగి గొట్టంలో. 1822లో కానియార్ ద లా తూర్ అనే ఫ్రెంచాయన గొట్టంలో ద్రవం పోసి, చెకుముకి రాతి గుండు ఒకటి వేసి, మూతి బిగించి, వేడి చేస్తూ అటూ ఇటూ దొర్లించాడు. గుండు ద్రవంలో పడ్డప్పుడల్లా చప్పుడు. వేడి ఒక హద్దు దాటేసరికి ఆ చప్పుడు లేదు. లోపల ద్రవానికీ ఆవిరికీ మధ్య అంచే మిగల్లేదు, గుండు ఇంకెక్కడ పడుతుంది? 1869లో బెల్‌ఫాస్ట్‌లో థామస్ ఆండ్రూస్ తమరినే పరీక్షకు కూర్చోబెట్టి, ఆ హద్దుకు క్రిటికల్ పాయింట్ అని పేరు పెట్టాడు. పాపం, ఆ చలి ఊళ్లో 31 డిగ్రీల కోసం ఆయన తమరిని వెచ్చబెట్టుకోవాల్సి వచ్చి ఉంటుంది. మాకు ఆ కష్టం లేదు. శివరాత్రి పోతే చాలు, ఊరే వెచ్చబెడుతుంది.

మా ల్యాబు గోడకు ఒక ఎర్ర సిలిండర్ వేలాడుతుంటుంది, మంటలార్పేది. మెడకు నల్ల గరాటు. మీటరుండదు కాబట్టి నిండా ఉందో లేదో తూకం వేసి చూడాలి. డిసెంబరులో దాంట్లో తమరు బుద్ధిగా ద్రవంగా ఉంటారు. మే నెలలో గది 45 డిగ్రీలకు వచ్చేసరికి లోపల ఒత్తిడి నూరు బార్లు దాటి, తమరు ఎటూ కాని అవతారం ఎత్తుతారు. దాని కింద పిల్లలు హాల్ టికెట్లు పట్టుకుని ప్రాక్టికల్స్‌కు నిలబడతారు. క్రిటికల్ పాయింట్ నిర్వచనం రెండు మార్కులకు బట్టీ పట్టి వస్తారు, తల పైకెత్తి చూసేవాడు ఒక్కడుండడు.

రామగుండం కరెంటు కేంద్రంలో తమరి బంధువర్గం కూడా స్థిరపడింది, అవి నీళ్లు. పాత యూనిట్లలో నీళ్లు మరిగి, ఆవిరై, డ్రమ్ములో విడిపోయి టర్బైన్‌కు పోయేవి. కొత్తగా కట్టిన రెండు 800 మెగావాట్ల యూనిట్లలో ఆ తతంగమే లేదు. 374 డిగ్రీలు, 221 బార్లు దాటిన నీటికి మరగడమంటూ ఉండదు, బుడగ రాదు, డ్రమ్ముతో పని లేదు. మండించిన బొగ్గు శక్తిలో దాదాపు 42 శాతం కరెంటుగా చేతికొస్తుందట. నీళ్ల మీద నాకు కోపం లేదు. పని చేస్తున్నాయి, పేరు అడగడం లేదు.

కోపం తమరి మీదే. అదే రామగుండంలో ఎరువుల ఫ్యాక్టరీ ఉంది. 1999లో మూతపడి, కొత్త ప్లాంటుగా 2021లో యూరియా తీయడం మొదలుపెట్టింది. అక్కడ అమ్మోనియా తయారీలో పక్కకు వచ్చే తమరిని పట్టుకుని, 140 బార్లకు పైగా నొక్కి, 180 డిగ్రీల వేడిలో అమ్మోనియాతో కలిపి యూరియా చేస్తారు. అంటే 45 కిలోల బస్తాలోకి పోయే ముందు తమరు ఈ గోడమీది వేషం వేసే పోతున్నారు. ఆ బస్తా కోసం మావాళ్లు సొసైటీ ముందు తెల్లారకముందే చెప్పులు లైన్లో పెట్టి, పక్కన కూలబడతారు. ఇంత సేవ చేయించుకుని పంట చేతికొచ్చాక తమరు ఎటు పోతున్నారు?

కేరళకు పోతున్నారు. మసాలా సారాలు తీసే పరిశ్రమ ఎక్కువగా అక్కడే ఉంది మరి. 2025లో జీఐ గుర్తింపు వచ్చిన మా వరంగల్ చపాట మిర్చినే చూడండి. టమాటలా బొద్దుగా, కారం తక్కువ, రంగు మాత్రం దంచి కొడుతుంది. మార్కెట్లో వ్యాపారి కాయను విరిచి, అరచేతిలో నలిపి, మొహం చిట్లించి "తాలు ఉంది" అంటాడు, పాట అక్కడే కిందికి దిగుతుంది. అదే కాయ పొడి స్టీలు పాత్రలోకి పోతే తమరి మర్యాదే వేరు. ఒత్తిడి మితంగా ఉంటే నూనె, కారం తీసుకుంటారు. మూడు నాలుగు వందల బార్లకు పెంచితే రంగు కూడా లాగుతారు. కవాటం తిప్పి ఒత్తిడి తీసేయగానే తమరు గాలై పైకి పోతారు, ఎర్రటి సారం అడుగున మిగులుతుంది. హెక్సేన్ అనే పెట్రోలియం ద్రావకం వాడినట్టు వాసన వదిలించే బాధ లేదు. ఆ రంగుకు యూనిట్లు కొలిచి మరీ ధర కడతారు. రైతు ముందు మాత్రం కొలిచే యంత్రం వ్యాపారి కన్నే.

నిజామాబాద్ పసుపు దగ్గర తమరి వేషాలు మరీ ఎక్కువ. సువాసన నూనెను చకచకా లాక్కుంటారు గానీ, పసుపు రంగునిచ్చే కర్క్యుమిన్ వద్దకొచ్చేసరికి కరగనంటే కరగనని మొరాయిస్తారు, పక్కన కొంచెం ఇథనాల్ పోస్తే తప్ప. తమరు ధ్రువత్వం లేని (అంటే ప్లస్, మైనస్ కొసలు లేని) అణువు కాబట్టి అట్లా అని పిల్లలకు నేనే చెప్తాను. కాఫీ గింజల్లో కెఫీన్ ఒక్కదాన్నే ఏరుకుని రుచిని వదిలిపెట్టే తమరికి ఏది కావాలో బాగా తెలుసు. ఆ ఏరుడు తెలివిని 1960లలో జర్మనీలో కుర్ట్ జోసెల్ కనిపెట్టాడు.

సిరిసిల్లకైనా రావచ్చు. మరమగ్గాల మీద నేసేది పాలిస్టరే, అది తమరికి ఇష్టమైన బట్ట. 120 డిగ్రీల దగ్గర, 250 బార్ల ఒత్తిడిలో నీటి చుక్క లేకుండా రంగు అద్దగలరని నెదర్లాండ్స్‌లో యంత్రాలే కట్టారు. మానేరు నీళ్లు మిగులుతాయి. మా వరంగల్ కొత్తవాడ దర్రీలు నూలువి, వాటికి తమరి రంగు పట్టదు, అది మాకు తెలుసు, అడగం.

ఖరీదంటారా, ఒప్పుకుంటాను. అంత ఒత్తిడికి ఆగే మందపాటి ఉక్కు పాత్రలు, పంపులు, అనుమతులు అన్నీ డబ్బుతో పనే. రైతు సంఘం ఒక్కటి మోసేది కాదు. కానీ తమరు తీసిన సారం సీసాల మీద "కెమికల్ ఫ్రీ" అని రాయిస్తున్నారే, దానికి ఏ ఖరీదూ లేదా? తమరు కెమికల్ కాకపోతే నేను పాతికేళ్లుగా జీతం తీసుకుంటున్నది దేనికి?

ఇట్లు,
తమరి సమీకరణాలను బోర్డు మీద మోస్తున్న లెక్చరర్.

తా.క.: వచ్చేటప్పుడు రామగుండం మీదుగా వస్తే యూరియా రెండు బస్తాలు పట్టుకు రండి. మా బాబాయి చెప్పులు ఇంకా లైన్లోనే ఉన్నాయి.